ఈ ఏడు మా ఇంట్లో బతుకమ్మ లేదు

సెప్టెంబరు చివర్లో ఒక శనివారం పొద్దున పక్కింటి ఆవిడ తలుపు తట్టింది. చేతిలో సూపర్ మార్కెట్ సంచి, అందులో కుచ్చుల్లాంటి తెల్లటి గడ్డి పూలు. వాళ్ల ఇంటి ముందు పంపాస్ గడ్డి దుబ్బు ఒకటి మనిషి కన్నా ఎత్తు పెరిగి ఉంటుంది. ఏటా ఈ రోజులకి ఆ పూలు కోసి మాకు ఇస్తుంది. మొదటిసారి మేమే వెళ్లి అడిగాం. ఆ తర్వాత అడగక్కర్లేకపోయింది.

"ఈసారి కావాలో వద్దో తెలియలేదు. వద్దంటే కంపోస్టులో పడేస్తాను, నేనేం అనుకోను," అంది.

నేను సంచి అందుకున్నాను. కావాలని అనలేదు, వద్దని కూడా అనలేదు. ఆవిడ వాన వచ్చేలా ఉందని చెప్పి వెళ్లిపోయింది. తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి పాప మెట్ల మీద కూర్చుని సంచి వైపు చూస్తోంది.

"మనం చేస్తున్నాం కదా నాన్నా?"

"చేస్తున్నాం," అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఆలోచించేలోపే పాప పైకి పరిగెత్తింది. పాపకి తొమ్మిదేళ్లు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. దాని మాటలు నాకు తెలుగులోనే గుర్తుంటాయి కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను.

బతుకమ్మ నా పండగ కాదు. మాది బాపట్ల దగ్గర. నేను పెరిగిన చోట ఆ పండగ పేరు వినడమే గానీ చూసింది లేదు. అది తన పండగ. తనది కరీంనగర్ వైపు. భర్త అన్న మాట మేమిద్దరం ఫారాల్లో తప్ప ఎక్కడా వాడలేదు. ఇంట్లో ఒకరి గురించి ఒకరం చెప్పుకోవాలంటే 'తను' అనేవాళ్లం. ఇప్పుడూ నాకు ఆ మాటే వస్తుంది.

తను ఫిబ్రవరిలో చనిపోయాడు. బర్మింగ్‌హామ్‌లో ఆఫీసుకి వెళ్లడానికి మా ఊరి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా గుండె ఆగిపోయింది. నా ఆఫీసు కూడా అక్కడే కాబట్టి వారానికి రెండుసార్లు అదే ప్లాట్‌ఫాం మీదికి నేనూ వెళ్తాను. దాని గురించి ఇంతకన్నా రాయను.

మనిషిని పోగొట్టుకున్నవాళ్లు రాసిన పుస్తకాలు నేను చాలా చదివాను, తను ఉండగానే. వాటిలో మనుషులు కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు. నాకు కూర్చోవడమే కుదరలేదు. వాషింగ్ మెషిన్ ఆగకముందే వెళ్లి దాని ముందు నిలబడేవాణ్ని. ఆరేసిన బట్టలు తడిగా ఉండగానే తీసి, తడిగా ఉన్నాయని మళ్లీ ఆరేసేవాణ్ని. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో మీటింగులో కెమెరా ఆపేసి గదిలో తిరుగుతూ మాట్లాడేవాణ్ని. ఒకసారి మా మేనేజరు, వెనకాల ఎవరో నడుస్తున్నట్టున్నారే, అని అడిగాడు. నేనే అని చెప్పాను.

పాప మాకు దత్తత ద్వారా వచ్చింది. వచ్చేటప్పటికి నడక వచ్చు, మాటలు రావు. మాటలు మా దగ్గరే నేర్చుకుంది. నన్ను నాన్న అని పిలిచింది, తనని బాపు అని. తన ఊళ్లో తండ్రిని అలాగే పిలుస్తారు. మా ఇద్దరికీ వేర్వేరు మాటలు వెతుక్కోవలసిన పని లేకుండా మా రెండు ప్రాంతాలూ ఆ సంగతి తీర్చేశాయి. బళ్లో మాత్రం బాపు అంటే తన పేరనుకున్నారు. మొదటి క్రిస్మస్‌కి టీచరు మిస్టర్ బాపు అని కార్డు పంపింది. తను దిద్దలేదు. ఆ కార్డు ఫ్రిజ్ మీద అంటించుకుని, "సూడు, ఈ దేశంల నాకో కొత్త పేరు వెట్టిన్రు," అన్నాడు.

మా ఊరు చిన్నది. ఒక బజారు వీధి, ఒక కాలవ, రెండు టేక్‌అవేలు, ఒక సర్జరీ, అంటే డాక్టరు దగ్గరికి వెళ్లే చోటు. మొదటిసారి పాపని తీసుకుని సర్జరీకి వెళ్తే రిసెప్షన్‌లో ఆవిడ తల్లి పేరు అడిగింది. తను, "ఇద్దరం తండ్రులమేనమ్మా, మీకు నచ్చిన చోట మా పేర్లు రాసుకోండి," అన్నాడు. ఆవిడ నవ్వి, గడులు రెండూ నింపి, మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఈత క్లాసులో, పుట్టినరోజు పార్టీల్లో, తలలో పేలు పడ్డాయని బడి నుంచి మెసేజ్ వచ్చినప్పుడు, మేము అందరు తల్లిదండ్రుల్లాగే అలిసిపోయి ఉండేవాళ్లం. మా గురించి ఎవరైనా ఏమైనా అనుకుని ఉంటే మా ముందు అనలేదు. పాపకి జడలు తనే వేసేవాడు. చెల్లెలికి వేసి అలవాటు. ఇప్పుడు నేను వేస్తున్నాను. మధ్యాహ్నానికి వదులైపోతున్నాయి.

మాకు కష్టమైన చోటు మనవాళ్ల మధ్య. బర్మింగ్‌హామ్ శివార్లలో తెలుగువాళ్లు ఏటా హాలు అద్దెకి తీసుకుని బతుకమ్మ ఆడతారు. పాపకి నాలుగేళ్లప్పుడు తను పట్టుబట్టి తీసుకెళ్లాడు. తంగేడు పూలు ఇక్కడ దొరకవు కాబట్టి రైలు పట్టాల పక్కన పెరిగే పసుపు రంగు గోల్డెన్‌రాడ్ కోసుకొచ్చాడు. గునుగు పూలకి బదులు పక్కింటి పంపాస్ గడ్డి. కుచ్చుల్ని ముక్కలు కోసి, కేకుల్లో వేసే గులాబి రంగు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాడు. పెద్ద స్టీలు పళ్లెంలో ఆకులు పరిచి, వరస మీద వరస పేర్చుకుంటూ పోయాడు. నా పని గిన్నెలు కడగడం, కారు నడపడం.

హాల్లో ఆడవాళ్లంతా పట్టుచీరల్లో ఉన్నారు. ఇద్దరు మగవాళ్లం, మధ్యలో చిన్న పాప, పాప చేతుల కింద పళ్లెం పట్టుకున్న తను. ఎవరో మర్యాదగానే అడిగారు, పాప వాళ్లమ్మ రాలేదా అని. తను, "అమ్మ లేదండి, దీనికి ఇద్దరు బాపులు," అన్నాడు. అడిగినావిడ తల ఊపి పక్కకి వెళ్లింది.

అప్పుడు ఆంటీ వచ్చింది. ఆవిడది వరంగల్, ఇక్కడ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైరయింది. ఆ హాల్లో ఏది ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆవిడే. మా పళ్లెం చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో ఒక కుచ్చు పైకి లేపి చూసింది.

"ఏంది తమ్మీ ఇవి? చీపురు పుల్లలకు రంగేసినవా?"

"గునుగు పూలకు వీసా రాలేదు ఆంటీ."

ఆవిడ నవ్వలేదు గానీ మా పళ్లెం తీసుకెళ్లి మిగతావాటి మధ్యలో పెట్టింది. ఆ తర్వాత ఏటా వెళ్లాం. ఏటా ఆవిడ చీపురు పుల్లల మాట ఎత్తేది, తను ఏదో ఒకటి అనేవాడు. తనని తమ్మీ అనేది, నన్ను సారు అనేది. మమ్మల్ని ఎవరికైనా పరిచయం చేయవలసి వస్తే మాత్రం, "ఈ తమ్ముడు, ఆ సారు, పాప," అని ఆగిపోయేది. మా మధ్య ఏమిటో చెప్పే మాట ఆ హాల్లో ఎవరూ అనగా నేను వినలేదు. తనకి అది పట్టేది కాదు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో నేనే ముఖం ముడుచుకునేవాణ్ని. "పళ్లెం నడుమ వెట్టిన్రా లేదా? ఇంకేం గావాలె నీకు," అనేవాడు.

తను పోయినప్పుడు ఆ తెలుగువాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. తల్లిదండ్రులకి, అన్నకి, చెల్లెలికి ప్రగాఢ సానుభూతి తెలిపారు. పాప పేరు లేదు. నాది ఎలాగూ ఉండదు. తన అన్న వచ్చి, దహనానికి నా పక్కన నిలబడి, సగం అస్థికలు తీసుకుని వెళ్లాడు. మంచివాడే. పాప తల నిమిరి, ఏం పిలవాలో తెలియక 'బేబీ' అన్నాడు.

తను చనిపోయాడన్న వాక్యం ఆ వసంతమంతా నేను ఇంగ్లీషులో చాలామందికి చెప్పాను. బ్యాంకుకి, కౌన్సిల్‌కి, పెన్షన్ వాళ్లకి, ఫోన్ కంపెనీకి. అలవాటై, చివరికి అడ్రసు చెప్పినట్టు చెప్పేవాణ్ని. తెలుగులో చెప్పవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఈ పిల్లకి తండ్రి పోయాడని తెలుగులో ఎవరూ నాతో అనలేదు.

పాప ఏ భాషలోనూ అనలేదు. బళ్లో వారానికోసారి ఒకావిడ వచ్చి పాపని కూర్చోబెట్టుకుని బొమ్మలు వేయిస్తుంది. పాప కుక్కల బొమ్మలు వేస్తుంది. మేము ఎప్పుడూ కుక్కని పెంచలేదు. సెప్టెంబరులో క్లాసులోకి కొత్త పిల్ల వచ్చింది. ఒక సాయంత్రం గేటు దగ్గర ఆ పిల్లతో పాప అంటుండగా విన్నాను: "మా ఇంకో నాన్న పనికి వెళ్లాడు, బర్మింగ్‌హామ్‌లో." నేను దిద్దలేదు. దారంతా దిద్దాలా వద్దా అనుకుంటూ, రొట్టె కొనాల్సింది మర్చిపోయి, మళ్లీ వెనక్కి వెళ్లాను.

కాబట్టి బతుకమ్మ చేద్దామని పాప అడిగినప్పుడు నాకు భయం వేసింది. తను బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడన్న లెక్కలో అదీ ఒక భాగమేమో అనిపించింది. పూలు పేరిస్తే, హాలుకి వెళ్తే, ఏమీ జరగనట్టే. అయినా చేస్తానన్నాను. పాపకి ఇంకేదీ ఇవ్వలేకపోతున్నప్పుడు ఇది కూడా ఎలా కాదంటాను?

కానీ నాకు రాదు. ఇన్నేళ్లు పక్కనే ఉండి గిన్నెలు కడిగానే తప్ప చూడలేదు. పంపాస్ వచ్చిన మర్నాడు కుండీలోని బంతిపూలు కోసి చిన్న పళ్లెంలో పేర్చి చూశాను. మూడో వరసకి ఒక పక్కకి జారింది. మళ్లీ పేర్చాను, ఈసారి రెండో పక్కకి జారింది. పాప బల్ల అంచుకి గడ్డం ఆనించి చూస్తూ, "బాపు మధ్యలో ఏదో నింపేవాడు," అంది.

"ఏం నింపేవాడు?"

"నాకు తెలీదు. నువ్వు చూడలేదా?"

ఆంటీకి ఫోన్ చేశాను. నేను ఆవిడకి ఫోన్ చేయడం అదే మొదలు.

"సారా? చెప్పుండ్రి సారు. పాప మంచిగున్నదా?"

"బాగుందండీ. బతుకమ్మ గురించి అడుగుదామని చేశాను. నేను పేరిస్తే జారిపోతోంది. మధ్యలో ఏం నింపాలండీ?"

అటువైపు టీవీ చప్పుడు తగ్గింది.

"ఈ యేడు మీరు చెయ్యద్దు సారు."

"చెయ్యొద్దా?"

"చెయ్యద్దు. పాపకు నిమ్మలంగ చెప్పుండ్రి. నేను మల్ల మాట్లాడ్త."

నేను సరేనండీ అని ఫోన్ పెట్టేశాను. కారణం ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. నాకు తెలిసిందనే అనుకున్నాను. ఆ హాలుకి మమ్మల్ని కట్టి ఉంచినవాడు తను. వాళ్ల భాష, వాళ్ల పండగ, వాళ్ల తమ్మీ. తను లేకపోతే ఒక బాపట్ల సారు, ఎవరి పాపో తెలియని ఒక పాప. పళ్లెం మధ్యలో పెట్టడానికి ఇక కారణం ఏముంది?

ఆ మధ్యాహ్నం ఫ్రిజ్ జరిపి దాని కింద కడిగాను. వంటింటి అలమరలో డబ్బాలన్నీ తీసి మళ్లీ సర్దాను. పాపకి రెయిన్ కోటు వేసి కాలవ గట్టు మీద నడవడానికి తీసుకెళ్లాను. రెండో వంతెన దాకా వెళ్లేసరికి, ఎక్కడికి వెళ్తున్నామని పాప అడిగింది. ఎక్కడికీ కాదన్నాను. "మరి ఇంత స్పీడుగా ఎందుకు?" అంది. అప్పుడు ఆగాను.

ఆంటీ వద్దన్న సంగతి పాపకి చెప్పలేదు. చేసి తీరాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. హాలుకి వెళ్లకపోతే పోయె, ఇంట్లో చేసి ఈ కాలవలోనే వదులుతాం. తన కూతురు తన పండగ చేసుకోవడానికి ఒకరి అనుమతి ఏమిటి? ఆ వారమంతా ఆ కోపం నాకు ఉపయోగపడింది. రోజూ ఏదో ఒక పని దొరికింది. పట్టాల పక్కన కంచె దగ్గర గోల్డెన్‌రాడ్ కోశాను. సూపర్ మార్కెట్‌లో చామంతులు కొన్నాను. పంపాస్ కుచ్చులు ముక్కలు కోసి, గులాబి రంగు నీళ్లు కలిపి, పాపా నేనూ చేతులతో ముంచి తీశాం. తను చేతులకి తొడుగులు వేసుకునేవాడని, మణికట్ల దాకా రంగు అంటుకున్నాక పాపకి గుర్తొచ్చింది.

హాల్లో ఆడే శనివారం వచ్చింది. పొద్దున్నే వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి మొదలుపెట్టాం. గుమ్మడి ఆకులు లేవు, పక్కింటావిడ తన పెరట్లోని వెడల్పాటి రుబార్బ్ ఆకులు ఇచ్చింది. మధ్యలో నింపడానికి ఆకులే చిన్న ముక్కలుగా తరిగి వేశాను. ఈసారి నాలుగు వరసలు నిలబడ్డాయి. అడుగున గులాబి కుచ్చులు, అయిదో వరస చామంతులు. అవి పెడుతుండగా మొత్తం కిటికీ వైపు ఒరగడం మొదలైంది. పాప రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకుంది.

అప్పుడే బెల్ మోగింది.

"వదలకు," అని చెప్పి వెళ్లి తలుపు తీశాను. గుమ్మంలో ఆంటీ. పట్టుచీర మీద పెద్ద కోటు, చేతిలో స్టీలు క్యారియరు. వెనకాల ఇంకో రెండు డబ్బాలు పట్టుకుని వాళ్లాయన, అంకుల్. హాలు వాళ్లింటికి దగ్గర్లోనే. మా ఊరికి రావాలంటే హాలుకి ఎదురు దిక్కున గంట ప్రయాణం.

"కారు పసుపు గీతల మీద వెట్టిన, జల్ది కానియ్యి," అన్నాడు అంకుల్ ఆవిడతో. తర్వాత నాతో, "చెప్పులు ఇడ్వాల్నా సారు?"

ఆవిడ అప్పటికే లోపలికి నడిచింది. వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. పాప పూల కుప్పని కౌగిలించుకుని, మెడ మాత్రం తిప్పి చూస్తోంది.

"చేస్తనే ఉన్నరు," అంది ఆంటీ.

"అవునండీ."

"వద్దని చెప్తి గదా సారు."

"చెప్పారు. హాలుకి రావద్దంటే రాము. ఇంట్లో చేసుకుంటాం. మా ఇంట్లో మేము చేసుకుంటే మీకొచ్చే ఇబ్బంది ఏమిటండీ?"

వారం రోజులుగా నేను నడుస్తూ, తుడుస్తూ, కడుగుతూ తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. బయటికి వచ్చింది ఇంతే. గొంతు కూడా పెద్దగా పెరగలేదు.

"హాలు ముచ్చట ఎవరు దెచ్చిన్రు?" అంది ఆవిడ.

"మరి ఎందుకు వద్దన్నారు?"

అన్నం ఏ చేత్తో తినాలని నేను అడిగినట్టు నా వైపు చూసింది.

"మనిషి పోయిన ఇంట్ల యేడాది నిండకుంట బతుకమ్మ పేరుస్తరా ఎవలన్న? తండ్రి పోయిండు పిల్లకు. ఫిబ్రవరి రాలె ఇంక. ఏం, మీ దిక్కు ఇవన్ని లేవా?"

ఉన్నాయి. మా అమ్మమ్మ పోయిన ఏడు మా ఇంట్లో దీపావళి చెయ్యలేదు. వీధంతా టపాకాయలు కాలుస్తుంటే మేము అన్నదమ్ములం అరుగు మీద కూర్చుని చూశాం. నాకు తెలియని నియమం కాదు. అది మాకు వర్తిస్తుందని నాకు తోచలేదు, అంతే. ఏ పరిచయంలోనూ, ఏ మెసేజ్‌లోనూ లెక్కలోకి రాని ఇల్లు, చెయ్యకూడనివాళ్ల లెక్కలో మాత్రం ఉంటుందని ఎలా అనుకుంటాను?

నేను ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాను. ఆ వారంలో ఏదైనా ఆనుకుని నిలబడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"చేతులు దియ్యి బిడ్డా," అంది ఆంటీ.

"తీస్తే పడిపోతుంది," అంది పాప. తర్వాత నా వైపు కాకుండా ఆవిడ వైపే చూస్తూ అడిగింది. "బాపు మా నాన్న కాకపోతే, అప్పుడు చెయ్యొచ్చా?"

ఆ ఇంగ్లీషు ఆంటీకి నాకన్నా ముందే అర్థమైంది.

"చెయ్యొచ్చు. మంచిగ చేస్కోవచ్చు. పక్కింట్ల ఎవలో పోతె మనకేంది?"

కుప్ప మీద ఆనిన పాప ముఖం సగమే కనిపిస్తోంది. అంకుల్ డబ్బాలు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్లో పట్టుకునే నిలబడ్డాడు.

"అయితే మేం చెయ్యం," అంది పాప.

చేతులు తీసేసింది. కుప్ప మెల్లగా కిటికీ వైపు ఒరిగి, బల్ల మీద పరుచుకుని, సగం నేల మీద పడింది. పాప దాని వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చి నా చొక్కాలో ముఖం పెట్టుకుంది. రంగు చేతులు నా వీపు మీద ఉన్నాయి. ఏడుస్తోందో లేదో తెలియలేదు. నేను వంగి చూడలేదు.

ఆంటీ కోటు విప్పి కుర్చీ మీద వేసింది. "మీరు పండుగ వంటలు చెయ్యద్దు గదా, అందుకే తెచ్చిన. మలీద, సత్తుపిండి, పులిహోర. పాపకు కారం దక్కువేసి పెరుగన్నం. తమ్మికి ఇక్కడ అక్కసెల్లెండ్లు లేరాయె. ఎవలో ఒకలు తేవాలె." ఈ మాటలు నాతో అన్నట్టు కాకుండా డబ్బాల మూతలు తీసుకుంటూ అంది. తర్వాత నేల మీద కూర్చుని పూలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. కారు ఆపకూడని పసుపు గీతల సంగతి అంకుల్ మళ్లీ ఎత్తాడు. "జరిమానా వడ్తె వడని, తియ్యి," అంది ఆవిడ.

చామంతులు ఒక పక్క, బంతులు ఒక పక్క పెట్టింది. రుబార్బ్ ఆకుల ముక్కలు చూసి, ఏమిటివన్నట్టు నా వైపు కనుబొమ్మలు ఎగరేసింది. గులాబి కుచ్చులన్నీ ఏరి ఒళ్లో పోగు చేసుకుంది.

"సంచి ఉన్నదా? ఈ చీపురు పుల్లలు నాకియ్యి. మా దాంట్ల వెడ్త."

పాప తల తిప్పింది. "ఎక్కడ పెడతారు?"

"నడుమ వరుసల. కనవడెటట్టు."

"బాపు కింద వరసలో పెట్టేవాడు."

"గట్లనా? అయితే కిందనే వెడ్త."

పాప వెళ్లి సంచి తెచ్చింది. పక్కింటావిడ పువ్వులు తెచ్చిన సంచే. ఇద్దరూ కలిసి కుచ్చులు నలగకుండా సర్దారు. బయల్దేరే ముందు ఆంటీ నా వంటింటి బల్లని, ఖాళీ అయిన పళ్లేన్ని ఇంకోసారి చూసింది.

"వచ్చే యేడు రెండు రోజుల ముంగట మా ఇంటికి రా సారు, నేర్పిస్త. నీ పనితనం సూస్తె అప్పటికి వస్తదో రాదో."

"మధ్యలో ఏం నింపుతారండీ?"

"అప్పుడు చెప్త. ఇప్పుడు ఎందుకు?"

వాళ్లు వెళ్లాక ఇద్దరం వంటింట్లో నిలబడే, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద తిన్నాం. చాలా తియ్యగా ఉందని పాప అంది, మళ్లీ పెట్టించుకుంది. బంతులూ చామంతులూ ఏం చెయ్యాలో తెలియక బక్కెట్లో నీళ్లు పోసి వేశాను. సాయంత్రం గ్రూపులో ఫోటోలు వచ్చాయి. ఒక పెద్ద బతుకమ్మకి అడుగున గులాబి రంగు వరస ఉంది. ఫోటో కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఇదంతా జరిగినందుకు ఆ హాలు మారిపోయిందని రాయను. వచ్చే ఏడు మేము వెళ్తే ఎవరు ఏమంటారో నాకు తెలియదు. ఆంటీ కూడా మమ్మల్ని పరిచయం చేసేటప్పుడు మళ్లీ సారు దగ్గరే ఆగిపోతుందేమో. నేను మాత్రం ఆ రాత్రి కాస్త నిద్రపోయాను, మర్నాడు మళ్లీ బట్టలు ఆరకముందే తీశాను.

సోమవారం బడి గేటు దగ్గర క్లాసులో సాయం చేసే అమ్మాయి పాప చేతులు చూసింది. రంగు ఇంకా పోలేదు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో పాప ఆవిడకి ఫోటో చూపించేది.

"ఓ, మీ పూల పండగ అయిందా?"

"మా ఇంట్లో ఈ ఏడు లేదు," అంది పాప. "మా బాపు చనిపోయాడు. ఏడాది అయ్యేదాకా మేం చెయ్యకూడదు."

ఆ అమ్మాయికి సంగతి తెలుసు. అయినా నా వైపు చూసింది. పక్కనే కొత్తగా చేరిన పిల్ల నిలబడి ఉంది.

"బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడన్నావు కదా?"

"అప్పుడు ఉండేవాడు," అంది పాప.

ఇంకేమైనా అడుగుతుందేమోనని ఒక్క నిమిషం ఆగింది. ఆ పిల్ల అడగలేదు. ఇద్దరూ లోపలికి వెళ్లారు. పాప ఎడమ జడ అప్పుడే వదులవుతోంది. పిలిచి బిగిద్దామనుకున్నాను గానీ అప్పటికే తలుపు మూసుకుంది.

నేను స్టేషన్‌కి నడిచాను. రైలుకి ఇంకా సమయం ఉంది. కూర్చునే బల్ల ఖాళీగానే ఉంది. నా గోళ్లలో కూడా గులాబి రంగు ఉంది. చేతులు జేబులో పెట్టుకుని, రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను.